నమ్మరాని సాక్షి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై ఇంచుమించు సగము దూరమున నున్న సూర్యాపేట, అదే దారిలో ఆంధ్రప్రదేశపు సరిహద్దును సమీపించినప్పుడు వచ్చు కోదాడ, నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద పండిన వడ్లను మరపట్టి దేశమున నలుదిక్కులకు బియ్యము పంపు మిర్యాలగూడ, ఈ మూడు పట్టణములును నిన్నమొన్నటివరకు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరు జిల్లాయై కోదాడను తనతో తీసికొని పోయినది. మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయినది. జిల్లాలు వేరైనను బ్రతుకుతెరువు మాత్రము వేరు కాలేదు. మూడును లారీని నమ్ముకొన్న ఊళ్ళే. బియ్యము, సిమెంటు, పశువుల దాణా, ఏది బయటికి పోవలెనన్నను లారీయే పోవలెను; లారీతో డ్రైవరును క్లీనరును పోవలెను; పోయినవారు వారములు గడచినగాని ఇల్లు చేరరు. మిల్లులలో బస్తాలు మోయుటకు బీహారు మొదలైన దూరదేశములనుండి వచ్చిన కూలీలదియు ఇటువంటి జీవితమే.

సుఖవ్యాధులను గూర్చిన మాట వచ్చినంతనే లారీవారి వైపు వ్రేలు చూపుట మనకు అలవాటైపోయినది. అది సగము సత్యము మాత్రమే. భర్త రాకపోకలను గూర్చి అడుగుటకు నోరులేని ఇల్లాలును, చదువునకై నగరమునకు పోయి తొలిసారి స్వేచ్ఛ నెరిగిన కుర్రవాడును, గర్భవతియై మొదటిసారి ఆసుపత్రి గడప త్రొక్కిన పిల్లయును ఈ కథలో లారీవారికంటె తక్కువ పాత్రలు కారు. నిజమునకు ఈ వ్యాసమున చెప్పబోవు పరిశోధనలలో అధికభాగము వీరికొరకే జరిగినవి.

రాత్రి తొమ్మిది దాటిన వెనుక బస్టాండు ఎదుటనో బైపాసు ప్రక్కనో నున్న మందుల దుకాణమునకు ఒక మనిషి వచ్చును. తక్కిన గిరాకి కదలిపోవునంతవరకు తలనొప్పి తైలపు సీసాలను చూచుచు ఒక ప్రక్కకు నిలిచి, తరువాత గొంతు తగ్గించి, "అన్నా, జర మంట పుడుతుంది, మంచి గోలీ ఉంటే ఇయ్యరాదే" అని అడుగును. మంట ఎక్కడ అని దుకాణదారు అడుగడు, ఇతడు చెప్పడు. ఒక పట్టీనుండి రెండు, మరియొక పట్టీనుండి మూడు బిళ్ళలు కత్తిరించి కాగితములో చుట్టి ఇచ్చుట, రసీదు లేకుండ డబ్బు చేతులు మారుట, అంతయు రెండు నిమిషములలో ముగియును. మూడవనాటికి మంట తగ్గును. మంట తగ్గినది కాబట్టి రోగము పోయినదని అతడు నమ్మును, దుకాణదారును నమ్మును, ఊరిలో ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేసినచోటను ఇదే నమ్మకము.

ఈ నమ్మకమే తప్పు. సుఖవ్యాధుల విషయమున లక్షణమనునది నమ్మరాని సాక్షి. కొన్నిమారులు అసలు న్యాయస్థానమునకే రాదు. వచ్చినను ఒకరి నేరమును వేరొకరిపై మోపును. ఒక్కొక్కమారు సాక్ష్యము మధ్యలోనే ఆపి వెడలిపోవును. మన పెద్దలు సెగ అని పిలిచిన గనేరియా పురుషునిలో కొలదిదినములకే మంటతోను చీముతోను బయటపడునుగాని స్త్రీలో చాలమారులు ఏ ఆనవాలును చూపక గర్భాశయమునుండి నాళములవరకు ప్రాకిపోవును. క్లమిడియా అను సూక్ష్మజీవి స్త్రీపురుషుల నిరువురిని అధికభాగము మౌనముగనే ఆశ్రయించి, పిల్లలు కలుగలేదని డాక్టరు దగ్గరకు పోయిననాడుగాని తన ఉనికిని తెలుపదు. కొరుకు అనియు సవాయి అనియు పేరుబడిన సిఫిలిస్ మరింత టక్కరి: తొలుత నొప్పిలేని ఒక పుండు పుట్టును, మూడునుండి ఆరు వారములలో ఏ మందు లేకుండనే అది మానిపోవును, పూతమందు రాసినవాడు తన మందువలననే మానినదని చెప్పుకొనును, రోగము మాత్రము రక్తములో చేరి ఏండ్లతరబడి దాగియుండును. 16వ శతాబ్దిలో భావమిశ్రుడు తన వైద్యగ్రంథమున ఫిరంగరోగమని దీనిని వర్ణించినది మొదలు 1905లో బెర్లినున షౌడిన్, హాఫ్‌మన్ అనువారు మరసూదివంటి దాని సూక్ష్మజీవిని కనుగొనువరకు వైద్యులందరును ఈ టక్కరితనముచేత మోసపోయినవారే.

2020లో లోకమంతట 15నుండి 49 ఏండ్లవారిలో గనేరియా, క్లమిడియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అను నాలుగు నయమగు సుఖవ్యాధులే కొత్తగా 37 కోట్లకు పైగా సోకినవని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. రోజుకు పది లక్షలు దాటిన లెక్క ఇది. వీనిలో ఎక్కువభాగము ఏ మందుల దుకాణము ఎదుటను నిలువవు, ఏలయన సోకినవారికే తెలియదు.

ప్రయోగశాల లేనిచోట వైద్యుడేమి చేయవలెను అను ప్రశ్నకు మన దేశము ఇచ్చిన సమాధానము రంగుల పెట్టెలు. ప్రభుత్వాసుపత్రులలో సురక్షా క్లినిక్ అను బోర్డు గల గదిలో ఏడు రంగుల మందుల కిట్లు ఉండును. మూత్రద్వారమున చీము వచ్చినచో బూడిదరంగు కిట్టు: అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, రెండును అక్కడికక్కడ మ్రింగవలసినవి. తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్టు. పుండునకు తెల్ల కిట్టు, అందులో బెంజథీన్ పెన్సిలిన్ సూదిమందు; పెన్సిలిన్ సరిపడనివారికి నీలిరంగు. నీటిపొక్కులకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జలలో లేచు అడ్డగర్రలకు నలుపు. అక్షరము రానివానికిని పొరబడు వీలులేని ఈ ఏర్పాటును చేసినవారి తెలివిని మెచ్చుకొనక తప్పదు. రిపోర్టు వచ్చువరకు ఆగక, రేపు రమ్మని పంపక, దొరికిననాడే దొరికినవానికి మందు మ్రింగించుటవలన, మరల రానివారు కూడ నయమగుదురు. రేపు గువాహటిలో ఉండబోవు డ్రైవరు విషయమున ఇంతకంటె వివేకము గల పద్ధతి మరొకటి లేదు.

కాని ఈ పద్ధతి నిలిచియున్నది లక్షణముపైన. పురుషుని చీము నిజము చెప్పును కాబట్టి బూడిదరంగు కిట్టు పురుషునియందు చక్కగా పనిచేయును. స్త్రీకి వచ్చు తెల్లబట్ట విషయము వేరు: అందులో పెక్కుపాలు సంపర్కముతో నిమిత్తములేని సూక్ష్మజీవుల సమతౌల్యభంగమువలననో, శిలీంధ్రమువలననో కలుగునది. ఆ మాట విడమరచి చెప్పక "మీ ఆయనను కూడ తీసికొని రమ్మా" అన్నచో, పాపము, ఆ ఇంటిలో ఆ రాత్రి ఏమి జరుగునో ఊహింపవచ్చును. అటు ఏ తెల్లబట్టయు లేని స్త్రీ క్లమిడియాతో ఎదుట కూర్చున్నను ఆమెకు ఏ రంగు పెట్టెయు లేదు. అక్కరలేనివారికి మందు ముట్టి, అక్కరగలవారికి ముట్టని ఈ చిక్కును చూచియే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో తన మార్గదర్శకములను మార్చి, పరీక్ష చేయగలిగినచోట పరీక్షించియే మందు ఇండని చెప్పినది. నేటి పరిశోధన యంతయు ఒక విధముగ ఈ ఒక్క వాక్యమును చిన్న ఊళ్ళలో సాధ్యము చేయు ప్రయత్నమే.

పరీక్షలలో అన్నిటికంటె నిరాడంబరమైనదియు, నా దృష్టిలో అన్నిటికంటె గొప్పదియు, బొటనవ్రేలంత పొడవు గల ఒక ప్లాస్టిక్ పట్టీ. గర్భవతియైన స్త్రీ వ్రేలి చివర పొడిచి, ఒక చుక్క రక్తమును ఆ పట్టీ గుంటలో వేసి, దానిపై రెండు మూడు చుక్కల ద్రావకము వేయుదురు. తడి నెమ్మదిగా కాగితముమీద ప్రాకును. పదునైదు ఇరువది నిమిషములలో గీతలు లేచును: ఒకటి పరీక్ష సరిగా జరిగినదని చెప్పు గీత, రెండవది లేచినచో హెచ్‌ఐవి, మూడవది లేచినచో సిఫిలిస్. ఫ్రిజ్ అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, ఏఎన్‌ఎం అమ్మ చేతిసంచిలో పట్టును. సిఫిలిస్ గల తల్లికి కానుపునకు కనీసము ఒక నెల ముందైనను సరియైన పెన్సిలిన్ సూది పడినచో బిడ్డ దాదాపుగా కాపాడబడినట్లే. 2022లో లోకమున తల్లినుండి బిడ్డకు సిఫిలిస్ సోకిన ఘటనలు ఏడు లక్షలని అంచనా వేసిన ప్రపంచ ఆరోగ్యసంస్థ మాటను చదివినప్పుడు, ఇంత చౌకయైన పట్టీయు ఇంత పాత మందును ఉండి కూడ ఇట్లు జరుగుట ఏమని, శాస్త్రమునకంటె పాలనకే ఆ ప్రశ్న వేయవలెను.

ఈ పట్టీకి ఒక లోపము కలదు. ఒకప్పుడు సిఫిలిస్ వచ్చి పూర్తిగా నయమైనవారి రక్తములోను ఆ ప్రతిరక్షకములు జీవితాంతము ఉండును కాబట్టి, రెండవ కానుపునకు వచ్చిన తల్లికి గీత మరల లేచును. అది పాత మచ్చయో కొత్త గాయమో తేల్చుటకు ఆర్‌పీఆర్ అను వేరొక రక్తపరీక్షలో విలువ తగ్గినదో పెరిగినదో చూడవలసియుండును. చదువుకొన్న ఇండ్లలో కూడ ఈ తేడా తెలియక రిపోర్టు చేతబట్టుకొని తగవులాడినవారు కలరు.

ఇంత పాత మందు నేటికిని ఏల చెల్లుచున్నదను సంగతి కూడ ఇక్కడనే చెప్పవచ్చును. సిఫిలిస్ జీవి మహా మందకొడి. ఒకటి రెండగుటకు ముప్పది గంటలకు పైగా పట్టును. పెన్సిలిన్ సూక్ష్మజీవి తన గోడను కట్టుకొనునప్పుడే దానిని పడగొట్టును కాబట్టి, మందు రక్తములో దినములతరబడి నిలువవలెను. బెంజథీన్ పెన్సిలిన్ కండరములో గడ్డవలె నిలిచి కొద్దికొద్దిగా కరగుచు ఆ పనియే చేయును. 1943లో అమెరికాలో మహోనీ అను వైద్యుడు నలుగురు రోగులకు తొలిసారి పెన్సిలిన్ ఇచ్చిననాటినుండి నేటివరకు ఈ జీవి దానికి లొంగుట మానలేదు. దీనిని ప్రయోగశాలలో నిలుకడగా పెంచుట హ్యూస్టన్ పరిశోధకులకు 2018లో గాని సాధ్యము కాలేదు. తొలిదశలలో నున్న రోగికి ఒక్క మోతాదు చాలునా, వారమున కొకటి చొప్పున మూడు వేయవలెనా అను పాత తగవును 2025లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన తీర్చినది: ఒకటి మూడింటికి తీసిపోలేదు. తుంటి నొప్పికి భయపడి రెండవ వారము రానివారికి ఇది శుభవార్త.

గనేరియా, క్లమిడియాలకు రక్తపు పట్టీ చాలదు. సూక్ష్మజీవి యొక్క జన్యుపదార్థమునే వెదకి పెంచి చూపు యంత్రము కావలెను. క్షయరోగ నిర్ధారణకై జిల్లా ఆసుపత్రులకు వచ్చిన జీన్ఎక్స్‌పర్ట్ యంత్రమునందే వేరొక కాట్రిడ్జి పెట్టినచో, గంటన్నరలో ఈ రెండిటి ఉనికియు తేలును. యంత్రము ఇంటనే ఉన్నది, కాట్రిడ్జి వెల మాత్రము భరింపరానిది. మన దేశమున చాలచోట్ల వ్యవహారము ఆగినది ఇక్కడనే. అమెరికాలో 2025 మార్చిలో స్త్రీలు ఇంటిలోనే కూర్చుండి, తామే నమూనా తీసికొని, డాక్టరు చీటి లేకుండ అరగంటలో ఫలితము చూచుకొను పరీక్షకు అనుమతి వచ్చినది. "తామే తీసికొని" అనుటయే ఇందులోని ముఖ్యాంశము. ఆసుపత్రి బల్లమీద పరపురుషుని ఎదుట పడుకొనుటకు ఇష్టపడక పరీక్షనే మానుకొను స్త్రీ కోదాడలో ఎంత మందియో మేడ్చలులోను అంతమంది. హైదరాబాదు ప్రక్కనున్న మేడ్చలు మండలపు పల్లెలలో, ఈ శతాబ్దపు తొలి దశకముననే, హెచ్‌పీవీ అను వైరస్ కొరకు స్త్రీలు స్వయముగ తీసి ఇచ్చిన నమూనాలను వైద్యులు తీసిన నమూనాలతో పోల్చిన పరిశోధన జరిగినది. స్వయముగ తీసినవి పరీక్షకు పనికివచ్చునని తేలినది. 2009లో వెలువడిన ఆ ఫలితము తెలుగుదేశపు పల్లె స్త్రీలు ప్రపంచమునకు ఇచ్చిన సాక్ష్యములలో ఒకటి.

హెచ్‌పీవీ సంపర్కముచేత సోకు వైరసులలో అతి సామాన్యమైనది. సోకినవారిలో అధికసంఖ్యాకులకు ఒకటి రెండేండ్లలో దానంతట అదే పోవును. పోక నిలిచిన కొద్దిమంది స్త్రీలలో పది పదునైదేండ్ల తరువాత గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరై తేలును. ఒకనాటి హైదరాబాదు రాజ్యములోని ఉస్మానాబాదు జిల్లాలో లక్షా ముప్పది వేల మంది స్త్రీలతో జరిగిన పరిశోధనలో, జీవితమున ఒకేఒకమారు చేసిన హెచ్‌పీవీ పరీక్షయే ఆ క్యాన్సరు మరణములను ఇంచుమించు సగమునకు తగ్గించెనని 2009లో శంకరనారాయణన్ బృందము ప్రకటించినది. అదే సంవత్సరము కోదాడకు పొరుగుననే మరియొక కథ మొదలైనది. దానిని తొందరపడక చెప్పవలసియున్నది.

2009 జూలైలో ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయు కార్యక్రమము ఆరంభమైనది. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధనా మండలియు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును కలిసి చేసినది. దాదాపు 14,000 మంది బాలికలకు టీకా పడినది. వీరిలో గిరిజన బాలికలు పెక్కుమంది. ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండి చదువుకొను పిల్లలు. తల్లిదండ్రులు దూరమున నున్న గూడెములలో ఉన్నారు. అనుమతి పత్రములపై అనేకచోట్ల సంతకము చేసినది తల్లి కాదు, తండ్రి కాదు, హాస్టలు వార్డెను. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇటువంటి కార్యక్రమమే మరియొక కంపెనీ టీకాతో సాగినది. రెండుచోట్ల కలిసి ఏడుగురు బాలికలు మరణించిరి. 2010 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము మొత్తము కార్యక్రమమును నిలిపివేసినది. విచారణలో ఆ మరణములకును టీకాకును సంబంధము కానరాలేదు. నీట మునిగినది ఒకరు, పాము కరచినది ఒకరు, పురుగుమందు త్రాగినది ఇద్దరు, ఇట్లు కారణములు వేరువేరు. కాని అనుమతి తీసికొన్న తీరు తప్పని విచారణయు చెప్పినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము మరింత కఠినముగ చెప్పినది. ఖమ్మమును టీకాకు వ్యతిరేకముగ వాడుకొనువారిని చూచినను, వార్డెను సంతకమును చిన్న పొరపాటుగ త్రోసివేయువారిని చూచినను నాకు సమానముగనే అసహనము కలుగును. టీకా మంచిది, తల్లిని అడుగకుండుట చెడ్డది, ఈ రెండును ఒకే వాక్యమున ఇముడునంత సులభమైన సంగతులు.

ఆ నిలుపుదల ఆజ్ఞ మరియొక పరిశోధనను కూడ పట్టుకొన్నది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ మన దేశమున పలు కేంద్రములలో, ఈ టీకా మూడు మోతాదులు వేయవలెనా రెండు చాలునా అని తేల్చుటకు, ఇరువది వేల మంది బాలికలను ఉద్దేశించి 2009లోనే పని ప్రారంభించియుండెను. 2010 ఏప్రిలు నాటికి కొందరికి మూడును పడినవి, కొందరికి రెండు పడినవి. సుమారు 4,950 మంది మొదటి మోతాదు తీసికొని తరువాతి దానికై ఎదురుచూచుచుండిరి. ఆజ్ఞ వచ్చినది. వారికి ఒక్కటితో ఆగినది. ఏ శాస్త్రజ్ఞుడును తన ప్రణాళికలో వ్రాసికొనని, వ్రాసికొన్నచో నీతిసంఘము ఒప్పుకొనని ఒక గుంపు ఇట్లు దానంతట అదే ఏర్పడినది. పరిశోధకులు చేతులు ముడుచుకొని కూర్చుండక ఆ బాలికలను పెండ్లిండ్లయి అత్తవారిండ్లకు పోయినవరకు వెంబడించి, నమూనాలు సేకరించి, పదేండ్ల తరువాత 2021లో లెక్క చెప్పిరి: క్యాన్సరునకు ముఖ్యకారకములైన 16, 18 రకముల వైరస్ శరీరమున నిలిచిపోకుండ అడ్డుకొనుటలో మూడు మోతాదుల శక్తి నూటికి 93.3, రెండిటిది 93.1, ఒక్కదానిది 95.4. సంఖ్యాశాస్త్రరీత్యా మూడును సమానమే. కెన్యాలో ముందుగనే ప్రణాళిక వేసి జరిపిన పరిశోధనయు ఇదే చెప్పినది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక్క మోతాదు పద్ధతిని అంగీకరించినది. మూడుమారులు హాస్టలునకు పోవలసిన నర్సు ఒక్కమారు పోయిన చాలును. ఒకరికి కొన్న ధరకు మరి ఇద్దరు బాలికలకు టీకా దొరకును. ఆఫ్రికాలో నేడు ఒక్క సూదితో బయటపడు బాలిక ఋణము కొంత భారతదేశపు ఆ పిల్లలదే. మరి కొంత, చేదుగనున్నను ఒప్పుకొనవలెను, ఖమ్మమునందలి తప్పుది. 2022లోనే పూనాలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారించిన సెర్వావాక్‌కు అనుమతి వచ్చి, స్వదేశపు టీకాయు చేతికందినది.

ఇక మందుల సంగతి. అడ్డగర్రలకు నల్ల కిట్టు అని చెప్పితినిగదా, అందులో ఇరువదియొక్క దినములకు సరిపడు డాక్సీసైక్లిన్ బిళ్ళలు ఉండును. ఈ బిళ్ళ వంశవృక్షమున మన తెలుగువాడు ఒకడున్నాడు. భీమవరమున 1895లో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతియైన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను వెదకివెదకి 1945లో ఒక బంగారువన్నె బూజునుండి ఆరియోమైసిన్‌ను రాబట్టినాడు. టెట్రాసైక్లిన్ కులమునకు అది ఆదిపురుషుడు. 1948లో న్యూయార్కులోని హార్లెం ఆసుపత్రిలో లూయీ రైట్ అను వైద్యుడు మనుష్యులపై దీనిని ప్రయోగించినప్పుడు ఎన్నుకొన్న వ్యాధి మరేదియు కాదు, సంపర్కమువలన గజ్జలలో గడ్డలు లేచు ఈ అడ్డగర్రల రోగమే. ఇరువదియైదుగురు రోగులకు ఫలితము చక్కగ వచ్చినది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ కులములో 1967లో విపణికి వచ్చిన డాక్సీసైక్లిన్, సూర్యాపేట మందుల దుకాణములో నేడు పట్టీ కొన్ని రూపాయలకు దొరకు డాక్సీసైక్లిన్, మరల వార్తలకెక్కినది.

సంపర్కము జరిగిన 72 గంటలలోపల 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక్కమారు మ్రింగినచో సుఖవ్యాధులు అసలు అంటకుండ చేయవచ్చునా? సాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ నగరములలో పురుషులతో సంపర్కము గల 501 మంది పురుషులు, ట్రాన్స్ స్త్రీలపై జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో, మూడు బాక్టీరియా సుఖవ్యాధులు కలిసి మూడింట రెండు వంతులు తగ్గినవి. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వసంస్థ ఇటువంటివారికి దీనిని సిఫారసు చేసినది. ఇదే మందును కెన్యాలోని కిసుమూలో 449 మంది యువతులకు ఇచ్చి చూచిరి. తగ్గలేదు. మందు పనిచేయలేదా, మ్రింగలేదా? పరిశోధకులు కొందరి వెండ్రుకలను తీసి పరీక్షించిరి. మూడింట ఒక వంతు నమూనాలలోనైనను మందు జాడ కానరాలేదు. బిళ్ళలు ఇంటిలో దాచుకొనుటకు స్థలము లేని స్త్రీ, అత్తకో భర్తకో ఏమి చెప్పవలెనో తెలియని స్త్రీ, బిళ్ళను మ్రింగుటకంటె పారవేయుటయే సుళువనుకొనును. కిసుమూలో పుట్టిన ఈ అనుభవమునకు మిర్యాలగూడలో వ్యాఖ్యానము అక్కరలేదు.

నాకు మరియొక శంకయు కలదు. చీటి లేకుండ మందు దొరకు మన ఊళ్ళలో ఈ వార్త సగము సగముగ ప్రాకినచో, ప్రతివాడును జేబులో డాక్సీ పట్టీ వేసికొని తిరుగును. హెచ్‌ఐవిని అది ఆపదు. గర్భిణులకు అది తగదు. గనేరియా జీవి దానిని లక్ష్యపెట్టకుండుట చాలచోట్ల ఏనాడో నేర్చుకొన్నది.

గనేరియా జీవి అంత త్వరగా చదువు నేర్చు విద్యార్థి సూక్ష్మజీవులలో అరుదు. సల్ఫా మందులు వచ్చిన కొన్ని ఏండ్లకే వానిని ఓడించినది. పెన్సిలిన్‌ను పూర్తిగా విరిచివేయు ఎంజైమును 1976 నాటికి సంపాదించినది. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వరుసగా పడిపోయినవి. నేడు మిగిలిన నమ్మదగిన ఆయుధము సెఫ్ట్రియాక్సోన్ సూది. దుకాణములో కత్తిరించి ఇచ్చు రెండు బిళ్ళలు, అరకొర మోతాదులు, ఈ విద్యార్థికి ప్రతి రాత్రియు ట్యూషను చెప్పుచున్నవి. దాని చదువు ఎంతవరకు వచ్చినదో తెలిసికొనుటకు చీమును పెంచి ఏ మందునకు లొంగునో చూడవలెను. ఆ పని చేయు ప్రాంతీయ కేంద్రములలో హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలోనిది ఒకటి. కాని బిళ్ళలు మ్రింగి వచ్చినవాని నమూనాలో ఏమియు పెరుగదు. సూర్యాపేటలో 2019నుండి ప్రభుత్వ వైద్యకళాశాలయు నడచుచున్నది గనుక, బిళ్ళకు ముందు నమూనా తీసి పంపు అలవాటు ఈ జిల్లాలో నాటుకొనుటకు ఇప్పుడు అవకాశము లేకపోలేదు.

చాల దశాబ్దముల తరువాత గనేరియాకు కొత్త తరగతి మందులు వచ్చినవి. నీటిలో కలుపుకొని ఒక్కమారు త్రాగు జోలిఫ్లోడాసిన్ పొడి, సగము దినము ఎడముగ రెండుమారులు మ్రింగు జెపోటిడాసిన్ బిళ్ళలు, రెండును 2025 డిసెంబరులో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందినవి. జీవి తన జన్యుసూత్రమును చిక్కు విప్పుకొను ఎంజైమును పాత మందులు తాకని తావున పట్టుకొని ఆపుట వీని కిటుకు. జోలిఫ్లోడాసిన్ కథలో నాకు నచ్చినది, అయిదు దేశములలో 930 మందితో జరిగిన దాని తుది పరిశోధనను లాభాపేక్ష లేని గార్డ్‌పీ అను సంస్థ నడిపించుట. మెదడుపొరల వాపు టీకాలలో ఒకటి గనేరియాను కొంత అడ్డుకొనునని న్యూజిలాండులో 2017లో తేలిన ఆశయు నడచుచున్నది. ఇంగ్లండు 2025 ఆగస్టునుండి దానిని వేయుచున్నది, ఫ్రాన్సు పరిశోధన మాత్రము ఫలము కానరాలేదన్నది. ఇంకను తగవు తెగలేదు.

హెచ్‌ఐవి విషయమున తగవు లేదు. 2021 అంచనాలలో తెలంగాణ వయోజనులలో నూటికి 0.47, ఆంధ్రప్రదేశములో 0.67, దేశపు సగటు 0.21. లెనకాపవిర్ అను మందును ఆరునెలల కొకసారి చర్మము క్రింద సూదిగ వేసినచో, దక్షిణాఫ్రికా, ఉగాండాలలో ఆ సూది పొందిన 2,134 మంది యువతులలో ఒక్కరికైనను హెచ్‌ఐవి సోకలేదని 2024లో తెలిసినది. బిళ్ళ దాచుకొనవలసిన పని లేదు; అత్తకు చెప్పవలసిన పని లేదు. అమెరికాలో దాని వెల ఏటికి 28,000 డాలర్లకు పైచిలుకు. పేద దేశములకై దీనిని తయారించుటకు అనుమతి పొందిన ఆరు కంపెనీలలో హెటిరో, డాక్టర్ రెడ్డీస్ రెండును హైదరాబాదువి. 2027నుండి ఏటికి 40 డాలర్లకు, అనగా సుమారు మూడున్నర వేల రూపాయలకు అందింతుమని అవి 2025 సెప్టెంబరులో ఒప్పుకొన్నవి. డాక్టర్ రెడ్డీస్ వారి మూలరసాయనముల కర్మాగారములలో ఒకటి మిర్యాలగూడ దగ్గర పెద్దదేవులపల్లిలో ఉన్నది. ఏ మందు ఎక్కడ తయారగునన్నది కంపెనీ లెక్క. సూది వేయుటకు ముందు హెచ్‌ఐవి లేదని పరీక్షించుట, మొదటి రెండు దినములు బిళ్ళలు కూడ మ్రింగించుట, ఇరువదియారు వారములకు అదే మనిషి ఏ ఊరిలో ఉన్నను రెండవ సూది దొరకునట్లు చీటి వ్రాసి ఇచ్చుట, ఇవి మాత్రము రహదారి ప్రక్కన హెచ్‌ఐవి పరీక్షయు సలహాయు ఇచ్చు ఐసీటీసీ కేంద్రపు కౌన్సెలరు లెక్క.